మా పొలంలో రాక్షసగుళ్లు తీయించింది నేనే

(వీడియో ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఈ ఎపిసోడ్ టైటిల్ చూసి కొందరు ఇదేదో హారర్ స్టోరీ అనుకుని వచ్చి ఉంటారు. దయ్యాలు లేవు, సారీ. కానీ చివరిదాకా వినండి. ఎందుకంటే ఈ ఛానెల్‌లో ఇన్నాళ్ళూ అక్కడ ఆ గుడి, ఇక్కడ ఈ కోట అని మీకు చెప్పుకుంటూ వచ్చాను. ఈరోజు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. దాన్ని చెప్పకుండా ఇంకో చరిత్ర వీడియో చేయబుద్ధి కావట్లేదు.

మాది పాత నల్గొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. మా నాయినకు మూడెకరాల చెలక. ఆ చెలకలో ఒక మూలకు గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద బండరాళ్ళు ఉండేవి. ఒక్కో రాయి మన నడుము దాకా. మధ్యలో చిన్న రాళ్ళ కుప్ప. మా ఊళ్ళో వాటిని రాక్షసగుళ్లు అంటారు. చిన్నప్పుడు మా నాయినమ్మ మిట్టమధ్యాహ్నం అటుపక్కకు పోనిచ్చేది కాదు. ఏటా ఏరువాక నాడు మాత్రం తనే పోయి అక్కడ ఒక కొబ్బరికాయ కొట్టి వచ్చేది. ఎందుకని అడిగితే, "పెద్దోళ్ళు కొట్టిన్రు, నేను కొడ్తున్న" అనేది. అంతే, దానికి మించి వివరణ లేదు.

2019. నాకు గచ్చిబౌలిలో జాబ్ వచ్చింది. బీటెక్ అయిపోయిన ఏడాదికి వచ్చిన జాబ్. మొదటి మూడు నెలల జీతం దాచిపెట్టి ఊరికి పోయాను. నాయిన పత్తికి డ్రిప్ వేద్దామనుకుంటున్నాడు, ఆ మూల రాళ్ళు అడ్డం. నేను హీరోలాగా చెప్పాను, "నాయినా, జేసీబీ నేను మాట్లాడ్త, పైసలు నేనిస్త" అని. కొడుకు సంపాదనతో ఇంట్లో జరిగిన మొదటి పని అది. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే పన్నెండుకల్లా చదును అయిపోయింది.

ఆ మూడు గంటల్లో ఏం బయటపడ్డాయో చెప్తాను. రాళ్ళ కుప్ప తీయగానే కింద నిలువుగా పాతిన నాలుగు పలకరాళ్ళు, డబ్బాలాగా. అందులో ఒక పలకకు గుండ్రటి కంత. లోపల మట్టి, మట్టిలో కుండలు. లోపలివైపు, అంచు దగ్గర నల్లగా, కింద ఎర్రగా ఉన్న కుండలు. జేసీబీ పన్ను తగలగానే పెంకులైపోయాయి. తుప్పు పట్టిన ఇనుప ముక్క ఒకటి, మూరెడు ఉంటుందేమో. సున్నంలాగా పొడి అయిపోయిన ఎముకలు. డ్రైవరన్న కిందికి దిగి చేత్తో కెలికి చూశాడు, బంగారం ఏమన్నా ఉందేమోనని. "ఏం లేదన్నా, అంతా పెంకులే" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. నేను కంత ఉన్న పలక పక్కన నిలబడి ఫోటో దిగి స్టేటస్ పెట్టాను.

(ఇక్కడ స్క్రీన్ మీద ఆ ఫోటో. పలక పక్కన నేను, వెనకాల జేసీబీ.)

ఇదే ఆ ఫోటో. చూడండి, ఎంత నవ్వుతున్నానో.

సాయంత్రం నాయినమ్మ చెలకకు వచ్చింది. ఏం తిట్టలేదు. కొంచెంసేపు నిలబడి, "అవి మనకంటే ముందుగాల ఈడ ఉన్నోళ్ళవి బిడ్డా" అని వెళ్ళిపోయింది. బండరాళ్ళు గట్టుకు నెట్టేశాం. పలకరాళ్ళు ఎవరో అడిగితే ఇచ్చేశాం. ఒకటి ఇప్పటికీ ఒకరింటి ముందర బట్టలుతికే బండగా ఉంది.

గచ్చిబౌలిలో తెలిసింది

ఇది జరిగిన మూడేళ్ళకు ఒక ఫ్రెండ్‌ని కలవడానికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌కు వెళ్ళాను. గచ్చిబౌలిలో మా ఆఫీసుకు దగ్గరే, రోజూ గేటు ముందు నుంచే పోయేవాణ్ణి. మాటల్లో మావాడు చెప్పాడు, ఈ క్యాంపస్‌లోనే ఇనుపయుగం నాటి సమాధులు తవ్వారని, ఇక్కడ చరిత్ర చెప్పిన ప్రొఫెసర్ కె.పి. రావు బృందమే తవ్విందని. ఐటీ కంపెనీల మధ్యలో వేల ఏళ్ళనాటి సమాధులా అని నవ్వాను. వాడు ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. గుండ్రంగా బండరాళ్ళు. కుండలు. ఇనుప వస్తువులు.

నాకు కాళ్ళకింద నేల కదిలినట్టయింది. అచ్చం మా చెలక.

సింపుల్‌గా చెప్తాను. దక్షిణ భారతదేశంలో దాదాపు 3 వేల ఏళ్ళ కిందటి నుంచి 2 వేల ఏళ్ళ కిందటి దాకా, అటూ ఇటూగా, చనిపోయినవాళ్ళకు పెద్ద రాళ్ళతో సమాధులు కట్టే పద్ధతి ఉండేది. పుస్తకాల్లో వీటిని బృహత్ శిలా సమాధులు అంటారు. చుట్టూ రాళ్ళ వలయం, మధ్యలో గుంత లేదా పలకరాళ్ళ గది, పైన రాళ్ళ కుప్ప. లోపల ఎముకలు, నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, ఒక్కోసారి పూసలు. తెలంగాణలో ఇవి చాలా ఊళ్ళలో ఉన్నాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట దగ్గరైతే ఒకేచోట గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. జనం వాటికి పెట్టుకున్న పేర్లు రాక్షసగుళ్లు, పాండవుల గుళ్లు. అంత పెద్ద రాళ్ళు మామూలు మనుషులు ఎత్తలేరు కదా, అయితే రాక్షసులో, భీముడో ఎత్తి ఉంటాడు అని.

అంటే మా నాయినమ్మ చెప్పింది కరెక్టే. అవి మనకంటే ముందు అక్కడ ఉన్నోళ్ళవే. ఎవరో ఒక కుటుంబం, తమ మనిషి చనిపోతే, తినే కుండ, వాడిన కత్తి పక్కన పెట్టి, ఆ బండలు మోసుకొచ్చి కట్టుకున్న సమాధి. రెండు వేల ఏళ్ళకు పైగా వానకు ఎండకు ఆగింది. నా మూడు నెలల జీతం దగ్గర ఆగలేదు.

"పెంకులే కదా" అంటే

కొందరు ఇప్పటికే కామెంట్ టైప్ చేస్తుంటారు. "బ్రో, పెంకులే కదా, మ్యూజియంలో బోలెడున్నాయి, రైతుకు పొలం ముఖ్యం." రెండో మాట నిజం, దాని దగ్గరికి వస్తాను. మొదటి మాటకు జవాబు చెప్తాను, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకు తొందరగా అర్థమయ్యేటట్టు.

మీరు కోడ్ రాస్తారు. ఫైనల్ ఫైల్ ఒక్కటే ఉండి, హిస్టరీ మొత్తం డిలీట్ అయితే ఏమవుతుంది? ఏ లైన్ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, దేని తర్వాత ఏది మార్చారు, ఏదీ తెలియదు. తవ్వకంలో మట్టి పొరలు అంటే ఆ హిస్టరీ. పై పొర కొత్తది, కింది పొర పాతది. కుండ ఏ పొరలో ఉంది, దాని పక్కన ఏముంది, ఎముకల తల ఏ దిక్కున ఉంది, కుండలో అడుగున మిగిలిన గింజ ఏది, ఇవన్నీ కలిస్తేనే కథ. అందుకే పురావస్తు శాఖవాళ్ళు చిన్న తాపీ, బ్రష్షు పట్టుకుని, గళ్ళు గళ్ళుగా దారాలు కట్టుకుని, అంగుళం అంగుళం తీసుకుంటూ పోతారు. ప్రతి పొర కొలుస్తారు, గీస్తారు, ఫోటో తీస్తారు. ఎందుకంటే తవ్వకం ఒక్కసారే చేయగలం. ఎంత జాగ్రత్తగా తవ్వినా ఆ పొర మళ్ళీ రాదు.

పొరలోంచి ఊడదీసిన కుండ ఒట్టి కుండ. ఆ కుండ ఎవరిదో చెప్పగలిగిన సాక్ష్యాన్ని నేను బకెట్‌తో ఎత్తి గట్టుమీద పోయించాను. బ్యాకప్ లేదు.

ఇదే పని పెద్ద ఎత్తున జరిగిన చోటు

నా ఒక్కడి కథ అయితే పోనీ అనుకోవచ్చు. అమరావతి సంగతి చూడండి. కృష్ణా ఒడ్డున ధాన్యకటకం మహాస్తూపం. ఒకప్పుడు చుట్టూ చెక్కిన పలకలతో వెలిగిపోయిన స్తూపం. తర్వాత బౌద్ధం పోయింది, వచ్చే జనం పోయారు, అది ఒక మట్టిదిబ్బ అయింది. ఊళ్ళో దాన్ని దీపాలదిన్నె అనేవాళ్ళు. 18వ శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు, ఆ దిన్నెలో మంచి ఇటుకలు, రాళ్ళు ఉన్నాయని తెలిసింది. పట్నం కట్టాలంటే రాయి కావాలి, రాయి అక్కడే ఉంది. తవ్వుకున్నారు. కొన్ని మెట్లకు, గోడలకు పోయాయి. అవి పల్నాటి సున్నపురాయి కాబట్టి కొన్ని సున్నం కోసం కాలిపోయాయి.

1790ల చివర్లో కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ అధికారి వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ డ్రాయింగులు ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. స్తూపంలో ఇప్పుడు కనిపించని చాలా భాగాలకు అవే సాక్ష్యం. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ శిల్పాలు మద్రాసుకు, అక్కడినుంచి కొన్ని లండన్‌కు వెళ్ళాయి. ఈరోజు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు వందకు పైగా ఉన్నాయి. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఇంకా చాలా ఉన్నాయి. స్తూపం ఉన్న ఊళ్ళో మిగిలింది తక్కువ.

ఇక్కడ నాకు పట్టుకున్న విషయం ఒకటుంది. లండన్‌వాళ్ళు పట్టుకుపోయారు అని మనం తిట్టుకుంటాం, ఆ చర్చ జరగాల్సిందే. కానీ వాళ్ళు రాకముందే మనం దాన్ని రాళ్ళ గనిలాగా వాడుకున్నాం. దానికి కారణం జనం చెడ్డవాళ్ళని కాదు. ఆ దిన్నె ఎవరిదో, దేనికో చెప్పే మనిషి ఊళ్ళో మిగల్లేదు. పేరులో మాత్రం దీపం మిగిలింది. కథ పోయాక రాయి రాయే అయిపోతుంది.

మెకంజీ గురించి ఇంకొక్క మాట. ఆయనకు తెలుగు రాదు. ఊరూరా తిరిగి, కరణాలను అడిగి, శాసనాలు చదివించి, స్థానిక చరిత్రలు సేకరించిపెట్టింది ఎక్కువగా మనవాళ్ళే. కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య. ఆ రాతలనే కైఫీయత్తులు అంటాం. ఏ ఊరు ఎప్పుడు పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, ఇలాంటి వివరాలు. బొర్రయ్య 30 ఏళ్ళు నిండకుండానే 1803లో చనిపోయాడు. నా వయసే. ఫోన్ లేదు, బైక్ లేదు, ఆ వయసుకే అంత పని. ఊరి చరిత్ర ఊరివాళ్ళను అడిగి రాసుకోవడం మనకు కొత్త కాదు అని చెప్పడానికే ఇది చెప్తున్నాను.

తిమ్మప్ప కాపాడిన రాళ్ళు

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు కథ. గత ఏడాది నేను, మా కెమెరా చూసుకునే తమ్ముడు కలిసి ముడుమాల్ వెళ్ళాం. నారాయణపేట జిల్లా, కృష్ణా నది తెలంగాణలోకి అడుగుపెట్టే ప్రాంతం. మఖ్తల్ దాటి పోవాలి. ఊరి బయట పొలాల మధ్యలో నిలువుగా పాతిన రాళ్ళు. పెద్దవి 80 దాకా, ఒక్కోటి 10 నుంచి 14 అడుగులు. వాటి చుట్టూ వేల సంఖ్యలో చిన్న రాళ్ళు, వరసలు వరసలుగా. దాదాపు 3,500 ఏళ్ళ నాటివని పరిశోధకుల అంచనా. ఇక్కడ కూడా ఎక్కువ కాలం పనిచేసింది ప్రొఫెసర్ కె.పి. రావే. కొన్ని వరసలు ఏడాదిలో కొన్ని ప్రత్యేకమైన రోజుల్లో, అంటే పగలు అన్నిటికన్నా ఎక్కువున్న రోజులాంటివాటిలో, సూర్యుడు ఉదయించే దిక్కుకో అస్తమించే దిక్కుకో సరిగ్గా పెట్టినట్టు ఆయన గమనించారు. ఒక రాయిమీద చిన్న చిన్న గుంటలు తొలిచారు. అవి సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని ఆయన వివరించారు. అంటే ఆకాశాన్ని చూసి ఏడాది లెక్క పెట్టుకున్న మనుషులన్నమాట. 2025 మార్చిలో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. తాత్కాలిక జాబితా అంటే ప్రపంచ వారసత్వ గుర్తింపుకు ముందు మెట్టు, గుర్తింపు వచ్చేసినట్టు కాదు.

మేం వెళ్ళినప్పుడు మేకలు కాస్తున్న ఒక పెద్దాయన కనిపించాడు. "తాతా, ఈ రాళ్ళేంది?" అని అడిగాను. "నిలువురాళ్ళ తిమ్మప్ప" అన్నాడు. ఊరివాళ్ళకు అవి దేవుడు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. యునెస్కో సంగతి చెప్తే, "మంచిదే, రోడ్డు ఏస్తరా మరి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆలోచించండి. ఆ రాళ్ళు నిలబెట్టినవాళ్ళ భాష మనకు తెలియదు, వాళ్ళ దేవుడు ఎవరో తెలియదు. తిమ్మప్ప పేరు ఎప్పుడో తర్వాత వచ్చి చేరి ఉంటుంది. చరిత్ర పరంగా ఆ కథ "తప్పు" అని నాలాంటి సగం చదువు చదివినవాడు అనేయొచ్చు. కానీ ప్రభుత్వ బోర్డు రాకముందు, కంచె రాకముందు, వందల ఏళ్ళు ఆ రాళ్ళకు కాపలా ఆ కథే. మొత్తం రాళ్ళు మిగిలాయని చెప్పట్లేదు, పొలాలు పెరిగేకొద్దీ చుట్టూ చాలా పోయాయి. మిగిలినవాటికి మాత్రం దండం పెట్టే చెయ్యి అడ్డం ఉంది.

మా నాయినమ్మ కొబ్బరికాయ కూడా అలాంటిదే. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి దాన్ని మూఢనమ్మకం అనుకున్నాను. దాని బదులు శాస్త్రం నేర్చుకున్నానా అంటే అదీ లేదు. పాత కథ తీసేసి ఆ ఖాళీలో జేసీబీ పెట్టాను.

పొలం పోతుందన్న భయం

ఇప్పుడు ఆ రెండో మాట, రైతుకు పొలం ముఖ్యం అన్నది. మా చెలక పక్కన ఇంకొకరి పొలంలో అలాంటివే రెండు వలయాలు మిగిలి ఉన్నాయి. నాకు వరసకు పెదనాయిన అవుతాడు. విషయం తెలిశాక నేను ఉత్సాహంగా పోయి, "పెదనాయినా, ఇవి రెండు వేల ఏళ్ళ కిందటివి, ఆఫీసర్లకు చెప్దాం" అన్నాను. ఆయన చేతిలో పార కింద పెట్టి నా మొహం చూశాడు. "నీ రాళ్ళు నువ్వు తీపిచ్చుకున్నవ్. నా దగ్గరకొచ్చి వద్దంటున్నవా?"

ఏం చెప్తాం? నిజమే కదా.

ఆయన భయం ఒకటే, పొలం పోతుందని. దాన్ని తీసిపారేయకండి. మన దగ్గర చరిత్ర కోసమో ప్రాజెక్టు కోసమో జనం కదలాల్సి వచ్చిన కథలు ఉన్నాయి. నాగార్జునకొండ లోయనే తీసుకోండి. డ్యామ్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. నీళ్ళు రాకముందే 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరాగా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించి మళ్ళీ కట్టారు. అది గొప్ప పనే. కానీ ఆ లోయలో ఊళ్ళు కూడా ఉండేవి, ఆ జనం కూడా లేచి వెళ్ళాల్సి వచ్చింది. రాళ్ళ కథ మ్యూజియంలో చదువుతాం, వాళ్ళ కథ ఎక్కడ చదువుతాం?

అందుకే నేను తెలుసుకున్నంత మీకు చెప్తాను. ఒక చోటు గురించి సమాచారం ఇచ్చినంత మాత్రాన పొలం లాక్కోరు. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోట మాత్రం 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు కుదరవు, దాని తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. ఇది నిజమైన ఇబ్బందే, దాచి లాభం లేదు. కానీ ఊళ్ళలో కనిపించే ఇలాంటి వలయాల్లో ఎక్కువ భాగం ఏ జాబితాలోనూ లేవు. వాటికి చట్టం కంటే ముందు పక్కింటివాడి మాట కావాలి.

పెదనాయిన దగ్గరికి మళ్ళీ మళ్ళీ పోయాను. చివరికి పని చేసింది నా లెక్చర్ కాదు. మా ఊరి సర్కారు బడి సారు ఒక శనివారం ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకొచ్చారు. టేపుతో వలయం కొలిచారు, రాళ్ళు లెక్కపెట్టారు, నోట్‌బుక్కులో గీసుకున్నారు. ఒక్క రాయి కదపలేదు, ఒక్క గుంత తవ్వలేదు. మా నాయినమ్మను గట్టుమీద కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. తను నాకు ఎప్పుడూ చెప్పని సంగతులు వాళ్ళకు చెప్పింది. ఆ మూలకు తన అత్త పెట్టిన పేరు, కరువొచ్చిన ఏడు అక్కడ చేసిన బోనం, అక్కడి రాయి ముట్టుకోకూడదని తన మామ పెట్టిన ఒట్టు. 11 నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేశాను. నేను చేసిన వీడియోలన్నిటిలో నాకు విలువైనది అదే, అది ఛానెల్‌లో పెట్టలేదు.

పిల్లల్లో పెదనాయిన మనవరాలు కూడా ఉంది. ఆ రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పొద్దున ఆయన ఫోన్ చేసి, "ఆ రెండు గుంటలు ఇడిసిపెడ్త, మిగిలింది దున్నుకుంట. అయితే నా పొలం ఏడుందో నీ వీడియోల చెప్పకు" అన్నాడు. ఆ మాట కోసమే ఊరి పేరు కూడా చెప్పట్లేదు. అర్థం చేసుకోండి.

తమిళనాడులో కీళడి పేరు వినే ఉంటారు. శివగంగ జిల్లాలో కొబ్బరితోటల కింద బయటపడిన పాత పట్నం. 2015లో తవ్వకాలు మొదలయ్యాయి. 2023లో అక్కడే, తవ్విన చోటికి దగ్గర్లోనే మ్యూజియం తెరిచారు. అక్కడ పాత వస్తువులు ఉన్నాయని చాలా ఏళ్ళ ముందే గమనించి చెప్పింది ఊళ్ళో పనిచేసిన ఒక బడిపంతులు. మన దగ్గర కూడా కొత్త తెలంగాణ చరిత్ర బృందం లాంటి వాళ్ళు జీతం లేకుండా ఊళ్ళు తిరిగి శాసనాలు, రాతి బొమ్మలు వెలికి తెస్తున్నారు. పెద్ద పరిశోధనకు మొదటి సమాచారం చాలాసార్లు ఇలా ఊరి నుంచే వస్తుంది.

మీ ఫోన్‌తో ఏం చేయొచ్చు

సరే, పని మాటలకు వద్దాం. మీ ఊళ్ళో రాళ్ళ వలయమో, పాత శాసనమో, చెట్టుకింద విగ్రహమో, దిబ్బ మీద పెంకులో కనిపిస్తే ఇలా చేయండి.

ఒకటి, తవ్వొద్దు, కడగొద్దు, పసుపు రంగు పూయొద్దు, ఇంటికి తేవొద్దు. గుప్తనిధి అనే మాట పూర్తిగా మర్చిపోండి. ఈ సమాధుల్లో మీకు దొరికేది పెంకులు, తుప్పు. ఇంకో సంగతి, 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాల్సిందే. అవును, పది రూపాయలే.

రెండు, ఫోటోలు తీయండి. నాలుగు దిక్కుల నుంచి, దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. పక్కన పెన్నో స్కేలో పెట్టండి, సైజు తెలియడానికి. శాసనమైతే పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో తీయండి, అక్షరాలు బాగా కనిపిస్తాయి. మీరు పక్కన నిలబడి నవ్వే ఫోటో చివర్లో తీసుకోండి.

మూడు, లొకేషన్ పిన్ సేవ్ చేసుకోండి. కానీ ఇన్‌స్టాలో, యూట్యూబ్‌లో పెట్టొద్దు. మన వీడియో చూసి రాత్రికి రాత్రే గడ్డపార పట్టుకుని వచ్చేవాళ్ళు ఉంటారు. పిన్ చెప్పాల్సింది తెలంగాణలో అయితే రాష్ట్ర వారసత్వ శాఖకు, ఏపీలో అయితే పురావస్తు, మ్యూజియంల శాఖకు, లేదా దగ్గర్లోని యూనివర్సిటీ చరిత్ర విభాగానికి. ముందు ఆ పొలం రైతుతో మాట్లాడండి. ఆయనకు తెలియకుండా ఏదీ పంపొద్దు.

నాలుగు, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆ చోటుకు ఊళ్ళో ఏం పేరో పెద్దవాళ్ళను అడిగి వాయిస్ రికార్డ్ చేయండి. రాయి ఇంకో వెయ్యేళ్ళు ఉంటుంది. ఆ పేరు తెలిసినవాళ్ళు ఇంకో పదేళ్ళు ఉంటారో లేదో.

చివరగా ఒక చిన్న అప్‌డేట్. గట్టుకు నెట్టిన బండల్లో తొమ్మిది ఇంకా అక్కడే ఉన్నాయి. వాటిని తీసుకొచ్చి పాత చోటే మళ్ళీ గుండ్రంగా పెడదామా అని యూనివర్సిటీలో ఒక మేడమ్‌ను అడిగాను. వద్దన్నారు. అలా పెడితే అది నేను కట్టిన బొమ్మ అవుతుంది, చూసేవాళ్ళు నిజం అనుకుంటారు అన్నారు. దాని బదులు నాకు గుర్తున్నంతా, జేసీబీ డ్రైవరన్నకు గుర్తున్నంతా, ఆ ఫోటోతో సహా రాసిపెట్టమన్నారు. నేను సిగ్గుపడే ఆ స్టేటస్ ఫోటోనే ఇప్పుడు ఆ సమాధికి మిగిలిన ఒకే ఒక్క రికార్డు. రాస్తున్నాను. 14 పేజీలు అయింది.

ఈ ఏరువాకకు నాయినమ్మ మళ్ళీ కొబ్బరికాయ పట్టుకుని బయల్దేరింది. "ఇప్పుడక్కడ ఏమున్నయి నాయినమ్మా?" అన్నాను. "జాగ ఉన్నది గద" అంది. ఈసారి వెనకాల నేను కూడా పోయాను.

మీ ఊళ్ళో ఇలాంటి చోటుకు ఉన్న పేరు కామెంట్లో రాయండి, పేరు మాత్రమే, అడ్రస్ వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ పేర్లతోనే ఒక వీడియో చేద్దాం. అప్పటిదాకా ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.